కౌంటర్ వెనక స్టూళ్ళు ఎందుకు తీసేశారండీ?

విజయవాడ బీసెంట్ రోడ్డు, బందరు రోడ్డు, వన్‌టౌన్ బట్టల షోరూముల ఓనర్లకు నమస్కారం.

నేను మీలో కొంతమందికి బాగానే తెలుసు. నెలనెలా మీ షాపు పై అంతస్తులో, స్టాకు మూటల పక్కన ఉండే చిన్న గదిలో కూర్చుని జీఎస్టీ రిటర్నులూ జీతాల పట్టీలూ చూసి వెళ్ళే మనిషిని. నా పేరు రాయను, ఎందుకంటే మీలో సగం మంది నాకు ఫీజు ఇచ్చేవాళ్ళు, మిగతా సగం ఎప్పటికైనా ఇస్తారేమో అని నేను ఎదురుచూస్తున్నవాళ్ళు. మీ పేర్లూ రాయను. "ఇది పక్క షాపు గురించిలే" అనుకునే వీలుంటే చివరిదాకా చదువుతారని ఆశ.

ఇప్పుడు ఇది ఎందుకంటే, మొన్నామధ్య బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో స్టాఫ్‌ని ఎలా మేనేజ్ చేయాలి అని మీకు ట్రైనింగ్ పెట్టారు కదా, మా క్లయింటు ఒకాయన తనతో పాటు నన్నూ తీసుకెళ్ళాడు. ట్రైనర్ గారు మొదటి స్లైడులోనే గుహ, మంట, ఈటె పట్టుకున్న ఆదిమానవుడు ఉన్న బొమ్మ వేశారు. మనిషి పుట్టింది అడవిలో, అడవిలో ఆకలేస్తేనే లేచేవాడు, భయమేస్తేనే కదిలేవాడు, గుంపుకొక బలమైన నాయకుడు ఉండేవాడు, మిగతావాళ్ళు నోరు మూసుకుని వెనక నడిచేవాళ్ళు, ఆ రక్తమే ఇప్పుడు మీ కౌంటర్ వెనక నిలబడి ఉంది అన్నారు. కాబట్టి కూర్చోనిస్తే కునుకు తీస్తారు, నమ్మితే ముంచుతారు, కెమెరా ఉంటేనే పని, ఫైను ఉంటేనే టైము. మీరంతా చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంది, ఉలవచారు మీద మీగడ కూడా వేశారు, అది ఒప్పుకోవాలి.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నేను వెళ్ళే షాపుల్లో మార్పులు కనబడ్డాయి. కౌంటర్ వెనక ఉండే ప్లాస్టిక్ స్టూళ్ళు ఒకటొకటిగా గోడౌన్‌కి చేరాయి. జీతాల పట్టీలో లేట్ ఫైన్ కాలమ్‌లో ఇంతకుముందు అక్కడక్కడా ఉండే అంకెలు ఇప్పుడు పైనుంచి కిందిదాకా ఉంటున్నాయి. రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆడపిల్లల బ్యాగులు తెరిచి చూడటానికి వెనక గుమ్మం దగ్గర ఒక బల్ల వెలిసింది, అందరూ చూస్తుండగానే తీసి చూపించాలి, అందులో ఉన్న టిఫిన్ బాక్సు, మందులు, ఇంకా ఏవున్నా సరే.

మీ షాపు మీ ఇష్టం అంటే నేను మాట్లాడను. కానీ మీరు దీన్ని మీ ఇష్టం అనట్లేదు, మనిషి స్వభావమే అంత అంటున్నారు. అక్కడే నాకు పేచీ. నేను శాస్త్రవేత్తని కాను, కానీ ఎవరైనా ఒక అంకె చెబితే దాని వెనక వోచర్ ఉందా అని చూడటం నా పని. ట్రైనర్ గారి ఆదిమానవుడికి వోచర్ లేదు.

ముందు కాలం లెక్క చూద్దాం. మొరాకోలో జెబెల్ ఇర్‌హూద్ అనే చోట దొరికిన మన జాతి ఎముకలు సుమారు 3 లక్షల ఏళ్ళ నాటివని 2017లో ప్రకటించారు. వ్యవసాయం మొదలై మహా అయితే 12 వేల ఏళ్ళు. అంటే మన జాతి బతికిన కాలంలో నూటికి 96 పాళ్ళు వేటాడి, దుంపలు తవ్వుకుని, చిన్న చిన్న గుంపుల్లో గడిచింది. జీతం, షిఫ్టు, సూపర్‌వైజరు, ఇవన్నీ మిగిలిన 4 పాళ్ళలో, అందులోనూ చివరాఖర్న వచ్చినవి. కాబట్టి మూలాల్లోకి వెళ్దాం అని మీరే అంటే సరే, వెళ్దాం పదండి, నాకేం అభ్యంతరం లేదు.

టాంజానియాలో హడ్జా అనే జనం ఉన్నారు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ వేటాడి, తేనె తీసి, దుంపలు తవ్వుకుని బతుకుతున్నారు. అమెరికా పరిశోధకులు కొందరు వాళ్ళ తొడలకు చిన్న మీటర్లు కట్టి రోజంతా ఏం చేస్తున్నారో కొలిచి 2020లో ఆ లెక్క ప్రచురించారు. మెలకువగా ఉన్న సమయంలో రోజుకు దాదాపు 10 గంటలు వాళ్ళు విశ్రాంతిగానే ఉన్నారట! అదీ మనలా సోఫాలో వాలిపోయి కాదు, చాలాసేపు గొంతుక్కూర్చునో మోకాళ్ళ మీదో ఉంటారు, అందుకే కాళ్ళ కండరాలు పూర్తిగా మొద్దుబారవు, గుండె ఆరోగ్యమూ బాగుంటుంది అని ఆ పరిశోధకుల మాట. పొద్దున లేచి కూడు సంపాదించుకోకపోతే పస్తుండే జనం వాళ్ళు. వాళ్ళు కూర్చున్నారని వాళ్ళని సోమరులని ఎవరన్నారు? పని ఉన్నప్పుడు లేచి చేస్తారు, లేనప్పుడు కూర్చుంటారు. మీ సేల్స్ అమ్మాయి అడుగుతున్నదీ సరిగ్గా అదే. పొద్దున 10 గంటలకి షట్టర్ తీసినప్పటినుంచి రాత్రి 9.30కి దించేదాకా, భోజనానికి ఇచ్చే అరగంట తప్పితే, కస్టమర్ ఉన్నా లేకపోయినా నిలబడే ఉండాలన్న రూలు ఏ అడవిలోనూ లేదండి.

రెండు కాళ్ళ మీద నిలబడటం మన జాతికన్నా పాత విద్య. అదే టాంజానియాలో లెటోలి అనే చోట అగ్నిపర్వతం బూడిదలో పడ్డ అడుగుల జాడలు 1978లో బయటపడ్డాయి, 36 లక్షల ఏళ్ళ కిందటివి, మనకి పూర్వీకుల్లాంటి జీవులవి. ఆ జాడలు చూస్తే వాళ్ళు నడిచి వెళ్తున్నారని తెలుస్తుంది. మన కాళ్ళు తయారైంది నడవడానికి. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగిసి వదులుతూ కిందికి దిగిన రక్తాన్ని పైకి తోస్తాయి, ఒకేచోట కదలకుండా నిలబడితే ఆ తోపుడు ఆగిపోయి రక్తం కిందే నిలుస్తుంది. సాయంత్రానికి పాదాలు పొంగడానికి, ఏళ్ళు గడిచేకొద్దీ పిక్కల మీద నీలంగా నరాలు ఉబ్బడానికి ఇదీ ఒక కారణం. ఎప్పుడైనా దసరా సేల్ అయిన మర్నాడు మీ చీరల సెక్షన్ ఆడవాళ్ళ చెప్పులు చూడండి, పొద్దున వేసుకొచ్చినవి రాత్రికి పట్టక వెనక పట్టీ మడిచి తొక్కుకుంటూ బస్టాండుకి పోతుంటారు.

కూర్చుంటే కస్టమర్‌కి అమర్యాదగా ఉంటుందని ఒకాయన నాతో అన్నాడు. వాళ్ళ నాన్నగారి షాపు నేను చూశాను. వన్‌టౌన్‌లో తెల్ల దుప్పటి పరిచిన పరుపులు, గోడకి బాలీసులు, అమ్మేవాడూ కూర్చునేవాడు, కొనేవాళ్ళూ చెప్పులు విప్పి ఎక్కి కూర్చునేవాళ్ళు, మధ్యలో చీరలు గుట్టగా పడేవి, పెళ్ళి బట్టలైతే కాఫీలు కూడా అక్కడికే వచ్చేవి. ఆ రోజుల్లో ఎవరికీ అమర్యాద అనిపించలేదు, వ్యాపారమూ ఆగలేదు, ఆగి ఉంటే ఇవాళ ఆ కొడుక్కి బందరు రోడ్డు మీద నాలుగంతస్తుల అద్దాల మేడ ఉండేది కాదు. గాజు కౌంటర్లు వచ్చాయి, పరుపు పోయింది, పరుపుతో పాటు కూర్చునే హక్కూ పోయింది. అంతే తప్ప ఇందులో సంప్రదాయం లేదు, మర్యాదా లేదు.

కేరళలో కోళిక్కోడ్‌లోని మిఠాయి తెరువు అనే బజారులో బట్టల షాపుల ఆడవాళ్ళు ఇదే అడిగారు. ముందు టాయిలెట్ కోసం, ఆ తర్వాత కూర్చోవడం కోసం. ఏళ్ళ తరబడి అడిగాక 2018లో ఆ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి పనివాళ్ళకి కుర్చీ తప్పనిసరి చేసింది. తమిళనాడు 2021లో అదే పని చేసింది. మీరు కాంచీపురం, చెన్నై సరుకు కోసం వెళ్తూనే ఉంటారు కదా, ఈసారి కౌంటర్ అవతలికి ఒకసారి తొంగి చూడండి. అంతెందుకు, ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకి వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 44వ సెక్షన్ ఉండేది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చెప్పేదాకా ఆగడం ఎందుకు, ఒక్క స్టూలు కోసం?

ఇక గుంపుకొక నాయకుడు సంగతి. ట్రైనర్ గారు సింహం బొమ్మ కూడా వేశారు గుర్తుందా, చప్పట్లు ఎక్కువ పడింది దానికే.

దక్షిణాఫ్రికా పక్కన కలహారి ఎడారిలో జుహోన్సీ అనే వేటగాళ్ళ దగ్గర రిచర్డ్ లీ అనే మానవశాస్త్రవేత్త ఉండేవాడు. క్రిస్మస్‌కి వాళ్ళందరికీ విందు ఇద్దామని ఆ చుట్టుపక్కల దొరికే వాటిలోకెల్లా బలిసిన ఎద్దుని కొన్నాడు. చూసినవాళ్ళంతా, ఈ ఎముకల గూడు ఏంటయ్యా, దీంతో ఎవరి కడుపు నిండుతుంది, పండగ పూట కొట్టుకు చస్తాం అని తిట్టిపోశారు. పాపం ఆయన రోజుల తరబడి కుమిలిపోయాడు. తీరా కోస్తే ఎద్దు నిండా కొవ్వే, అందరూ కడుపారా తిన్నారు, తింటూ కూడా వెక్కిరించారు. తర్వాత తెలిసింది, అది వాళ్ళ పద్ధతి. పెద్ద జంతువుని కొట్టి తెచ్చిన కుర్రాడిని కూడా అలాగే వెక్కిరిస్తారు, ఎందుకంటే వాడికి తల తిరిగి నేనే నాయకుణ్ణి, మీరంతా నా పనివాళ్ళు అనుకుంటాడేమో, ఆ గర్వం ఏదో ఒకరోజు ఎవరి ప్రాణమో తీస్తుందేమో అని. లీ ఈ సంగతి 1969లో రాశాడు. తర్వాత 1993లో క్రిస్టఫర్ బోమ్ అనే ఇంకో మానవశాస్త్రవేత్త ఇలాంటి చిన్న సమాజాల గురించిన రాతలు చాలా పోగేసి చూసి, పెత్తనం చేయబోయేవాణ్ణి అందరూ కలిసి కిందికి లాగడమే వీళ్ళందరి దగ్గరా కనబడే గుణం అన్నాడు. నవ్వడం, మాట వినకపోవడం, వదిలేసి వెళ్ళిపోవడం, మరీ మితిమీరితే చంపేయడం కూడా.

చివరిది మీరు భయపడక్కర్లేదు. మొదటి మూడూ మాత్రం మీ షాపులో రోజూ జరుగుతున్నాయి. మీరు కారెక్కగానే ప్యాకింగ్ సెక్షన్‌లో మిమ్మల్ని ఇమిటేట్ చేసే కుర్రాడు ఒకడు ఉంటాడు, నేను చూసిన ప్రతి షాపులోనూ ఉన్నాడు, చాలా బాగా చేస్తాడు, మీ దగ్గు కూడా దించేస్తాడు. మాట వినకపోవడం అంటే, స్టాక్ చూసి రమ్మంటే మూడో అంతస్తుకి వెళ్ళి అరగంటకి వచ్చి "లేదు సార్" అనడం. వదిలేసి వెళ్ళిపోవడం సంగతి నేను చెప్పక్కర్లేదు, ప్రతి నెలా పట్టీలో కొత్త పేర్లు టైపు చేసేది నేనే. శ్రావణమాసం ముందు స్టాఫ్ దొరకట్లేదని మీరంతా మొత్తుకుంటారు. పక్క షాపువాడు ఐదొందలు ఎక్కువిచ్చి లాక్కుపోయాడంటారు. ఐదొందల కోసం వెళ్ళినవాళ్ళు ఉన్నారు, కాదనను. అదే జీతానికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, అడిగితే "అక్కడ కూర్చోనిస్తారండి" అన్నారు.

ఫైన్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది నా టేబుల్ మీదికి వచ్చే విషయం.

ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్ళో పిల్లల్ని చూసుకునే డే కేర్లు ఉన్నాయి. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని, పది సెంటర్లలో ఆరింటిలో లేట్ ఫైన్ పెట్టి చూశారు ఇద్దరు ఆర్థికవేత్తలు, గ్నీజీ, రుస్టికినీ అని. 2000లో ఆ ఫలితం వచ్చింది. ఫైన్ పెట్టాక ఆలస్యంగా వచ్చేవాళ్ళు తగ్గాలి కదా, దాదాపు రెట్టింపు అయ్యారు. అంతకుముందు, పాపం ఆ టీచరమ్మ మనకోసం ఆగుతుంది అని పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. ఫైన్ వచ్చాక, డబ్బు కడుతున్నాం కదా అని నింపాదిగా వచ్చారు. తర్వాత ఫైన్ ఎత్తేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు.

మన బెజవాడ హైఫా చెప్తాను. మంగళగిరి నుంచి వచ్చే అమ్మాయి ఒకామె, బస్సు వారధి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పది నిమిషాలు ఆలస్యం. మీ ముఖం చూసే మెషీన్ ఆ పది నిమిషాలకి హాఫ్ డే కొట్టేస్తుంది. మొదట్లో ఆమె ఆటో దిగి పరిగెత్తేది. ఇప్పుడు పది దాటిందని తెలియగానే నింపాదిగా పక్కన గుడికి వెళ్ళి, టిఫిన్ చేసి, ఒంటిగంటకి వస్తోంది. హాఫ్ డే ఎలాగూ పోయింది కదండీ అంటుంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు, లెక్క ఆమెదే కరెక్టు. పది నిమిషాలు పోవాల్సిన చోట మీరే మూడు గంటలు పోగొట్టుకున్నారు.

పైగా చట్టం మీ పక్కన లేదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ, పార్లమెంటు 2019లో చేసి 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ రూలు ఒకటే. ఒక జీతం కాలంలో వేసే ఫైన్లన్నీ కలిపి ఆ జీతంలో 3 శాతం దాటకూడదు. 12,000 జీతమైతే 360 రూపాయలు, అంతే. ఫైన్ వేసేముందు మనిషిని సంజాయిషీ అడగాలి. రిజిస్టర్లో రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వసూలైన డబ్బు పనివాళ్ళ మేలు కోసమే ఖర్చు పెట్టాలి, మీ గల్లాపెట్టెలో కలపడానికి లేదు. రానందుకు కోత కోస్తే రాని సమయానికి తగ్గట్టే కోయాలి. పది నిమిషాలకి హాఫ్ డే అన్నది ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. నేను ఇది మీకు విడివిడిగా చెప్పాను, "చూద్దాంలే" అన్నారు, అందుకే ఇక్కడ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఇన్సెంటివ్ సంగతి చెప్పకుండా వదిలితే సేల్స్ వాళ్ళు నన్ను ఊరుకోరు. 2003లో సారా బ్రోస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాపుచిన్ కోతుల మీద ఒక ప్రయోగం చేశారు. రెండు కోతులూ ఒకే పని చేస్తే ఒకదానికి దోసకాయ ముక్క, పక్కదానికి ద్రాక్షపండు ఇచ్చారు. ఇద్దరికీ దోసకాయే ఇచ్చినంతసేపూ పేచీ లేదు. పక్కదానికి ద్రాక్ష పడుతోందని చూశాక మొదటి కోతి చాలాసార్లు దోసకాయ తీసుకోలేదు, కొన్నిసార్లు విసిరేసింది కూడా. దాని అర్థం మీద శాస్త్రవేత్తల్లో తర్వాత బోలెడు వాదాలు నడిచాయి, అది వేరే సంగతి. కోతి సంగతి ఎలా ఉన్నా, మనిషికి ఈ జబ్బు ఉందని నేను హామీ ఇవ్వగలను. పెళ్ళివారికి ఒక అమ్మాయి నలభై పట్టు చీరలు విప్పి చూపించి, భుజం మీద వేసి చూపించి, మళ్ళీ మడతలు పెడుతుంటే, బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఆ సేల్ మీ మేనల్లుడి కోడ్ మీద పడుతుంది. నెలాఖరున కంప్యూటర్లో అందరికన్నా పెద్ద సేల్స్‌మన్ ఎప్పుడూ మేనల్లుడే, ఆ బాబు ఎక్కువగా ఫోన్లో ఉంటాడు. ఆ అమ్మాయి మర్నాటినుంచి పదో చీర దగ్గరే ఆపేసి "ఇంతే ఉన్నాయి మేడం" అంటే అది బద్ధకం అంటారా?

మనిషి దేవుడు అని నేను అనట్లేదు. నేను ఆడిట్ చేసేవాణ్ణి, అలా అనుకుంటే నాకు అన్నం పుట్టదు. దొంగతనాలు జరుగుతాయి. పని ఎగ్గొట్టేవాళ్ళు ఉంటారు, ప్రతి ఫ్లోర్ మీదా ఒకరు. కానీ వాళ్ళని మీకన్నా ముందు కనిపెట్టేది పక్కన పనిచేసేవాళ్ళే, ఎందుకంటే ఆ బరువు పడేది వాళ్ళ మీద. మీ వెనక గుమ్మం బల్ల పెట్టాక వాళ్ళు మీకు చెప్పడం మానేశారు. అందరినీ దొంగల్లా చూసే చోట దొంగని పట్టించడం వాళ్ళ పని ఎందుకవుతుంది? ఇంకో మాట, స్టాకు తేడా వచ్చినప్పుడు నేను తవ్వి చూస్తే ఎక్కువసార్లు బయటపడింది బ్రాంచికి పంపిన సరుకు ఎంట్రీ వేయకపోవడమో, ఒక బార్‌కోడ్ రెండు డిజైన్లకి అతికించడమో. అది బ్యాగులో దొరకదు.

డగ్లస్ మెక్‌గ్రెగర్ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లోనే దీన్ని రెండు సిద్ధాంతాలుగా పెట్టాడు, ఎక్స్, వై అని. మేనేజ్‌మెంట్ చదివిన మీ పిల్లల్ని అడిగితే చెప్తారు. మనిషి పని అంటే పారిపోతాడు, బెత్తం కావాలి అనుకునేది ఎక్స్. సరైన పరిస్థితుల్లో బాధ్యత తానే వెతుక్కుంటాడు అనుకునేది వై. ఆయన చెప్పిందాంట్లో నాకు నచ్చింది, ఎక్స్ అనుకునే యజమానికి ఎప్పుడూ రుజువు దొరుకుతూనే ఉంటుంది అనే సంగతి, ఎందుకంటే అలా చూస్తే జనం అలాగే తయారవుతారు. ఒంటిగంటకి వస్తున్న ఆ మంగళగిరి అమ్మాయిని చూపించి మీరు నాతో "చూశావా, నే చెప్పలా" అన్నారు. అవును, చూశాను.

పుట్టుకతోనే బద్ధకం అన్న ముక్కకి మాత్రం ఒక జవాబు ఉంది. వార్నెకెన్, టొమసెల్లో అని ఇద్దరు శాస్త్రవేత్తలు 2006లో 18 నెలల పిల్లల ముందు ఒక ఆటలాంటిది పెట్టారు. పెద్దాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు కింద పడేసుకుని అందుకోలేనట్టు చేయి చాపుతాడు. అడగడు, బహుమతి చూపించడు. చాలామంది పిల్లలు లేచి తప్పటడుగులు వేస్తూ వెళ్ళి ఆ క్లిప్పు తీసి ఇచ్చారు. ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్లలు, ఏ సూపర్‌వైజరూ లేడు.

అయినా ఇజ్రాయెల్, టాంజానియా దాకా ఎందుకు. 2024 సెప్టెంబరు 1 మీరు మర్చిపోలేదు కదా. బుడమేరు వాగు గట్టు తెగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట నీళ్ళలో మునిగాయి, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మీ స్టాఫ్‌లో ఎంతమంది ఆ పేటల్లోనే ఉంటారో నా పట్టీలో అడ్రసులు చూస్తే తెలుస్తుంది. అద్దెలు తక్కువ కాబట్టి అక్కడ ఉంటారు. అప్పుడు మేడ మీదికి ఎక్కినవాళ్ళు పక్క మేడ వాళ్ళకి తాడు కట్టి పాల ప్యాకెట్లు పంపారు, ముసలివాళ్ళని ట్యూబుల మీద, తలుపు చెక్కల మీద పడుకోబెట్టి పీకల్లోతు నీళ్ళలో నెట్టుకొచ్చారు, ఎవరికి ఎవరూ టార్గెట్ పెట్టలేదు. కక్కుర్తి కూడా చూశాం, పడవకి వేలు అడిగినవాళ్ళు, పాల ప్యాకెట్ రేటు పెంచి అమ్మినవాళ్ళు. రెండూ మనుషులే చేశారు. కానీ ఏది ఎక్కువ జరిగిందో ఆ నీళ్ళలో ఉన్నవాళ్ళని అడగండి.

మీలోనే ఒకాయన అప్పుడు చేసిన పని నాకు తెలుసు. షోరూమ్ పై అంతస్తు స్టాఫ్ కుటుంబాలకి ఇచ్చేసి, తాళాలు ప్యాకింగ్ కుర్రాడి చేతిలో పెట్టి, కావలసిన దుప్పట్లు, లుంగీలు, నైటీలు తీసుకుని రాసి పెట్టమని ఇంటికెళ్ళాడు. తర్వాత స్టాకు చూస్తే రాసినదానికన్నా కొన్ని దుప్పట్లు తక్కువొచ్చాయి, నేనే అడిగాను, ఆయన వదిలేయవయ్యా అన్నాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ ఓనర్ గారు కూడా మొన్న బెంజి సర్కిల్ హోటల్లో సింహం బొమ్మకి చప్పట్లు కొట్టాడు, అదే నాకు అర్థం కాని విషయం. తన కళ్ళతో చూసిన మనుషుల కన్నా స్లైడు మీద బొమ్మని నమ్మాడు.

మీ కష్టాలు నాకు తెలియనివి కావు. అద్దె, కరెంటు, ఏసీలు, మాల్స్, ఫోన్లో కొనేసే జనం, రెడీమేడ్ పీసు 2,500 దాటితే 18 శాతం జీఎస్టీ, ఇంకా ఆషాఢం సేల్ పెట్టకపోతే పక్కవాడు పెడతాడన్న టెన్షన్. వీటిలో దేన్నీ సేల్స్ అమ్మాయి కాళ్ళు తగ్గించలేవు.

కాబట్టి నేను అడిగేది ఏమంత పెద్దది కాదు. శ్రావణమాసం రద్దీ మొదలయ్యేలోగా ఆ స్టూళ్ళు గోడౌన్‌లోంచి తెప్పించి ఇద్దరికొకటైనా వేయండి, కస్టమర్ వస్తే వాళ్ళే లేస్తారు, ఇన్సెంటివ్ వాళ్ళకి అక్కర్లేదా ఏంటి. ఆ మెషీన్‌లో హాఫ్ డే సెట్టింగ్ తీయించి ఎన్ని నిమిషాలైతే అన్ని నిమిషాలకే కోత పెట్టించండి, ఫోన్ చేస్తే కంపెనీవాడు వచ్చి చేసిపోతాడు. ఇప్పటిదాకా వసూలైన ఫైన్ల డబ్బు విడిగా చూపించి దాంతో ఆడవాళ్ళ టాయిలెట్‌కి కొత్త తలుపు, నీళ్ళు పెట్టించండి, ఎందుకంటే కొన్ని చోట్ల తాళం ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ జేబులో ఉంటోంది, అడగడానికి సిగ్గుపడి వాళ్ళు పొద్దుటినుంచి మంచినీళ్ళు తాగడం మానేస్తున్నారు. ఎవరి సేల్ ఎవరి కోడ్ మీద పడిందో ఆ లిస్టు నెలకోసారి స్టాఫ్ భోజనం చేసే గదిలో అంటించండి. మేనల్లుడి గురించి నేను ఏమీ చెప్పను, అది మీ ఇంటి విషయం. వెనక గుమ్మం బల్ల తీసేయండి, లేదా అందరికీ పెట్టండి, మేనేజరుకీ మేనల్లుడికీ నాకూ కూడా.

కొత్త స్టూళ్ళే కొనాల్సి వస్తే బిల్లు పోగొట్టకండి. ఫర్నిచర్ ఖాతాలో రాస్తాను, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఏడాదికి 10 శాతం తరుగుదల వస్తుంది. బిల్లు మీద షాపు జీఎస్టీ నంబరు వేయించి ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయండి.

ఇట్లు,
మీ లెక్కలు రాసే మనిషి,
గవర్నర్‌పేట, విజయవాడ